జపాన్‌లో చేత్తో చేసిన కత్తి కొనాలి, అసలుదో కాదో తెలిసేదెలా?

బాటసారి_77

వచ్చే నెల జపాన్ వెళ్తున్నాం. టోక్యో, క్యోటో, ఒసాకా. కమ్మరి కొలిమిలో తయారైన వంటింటి కత్తి ఒకటి కొనాలని ఎప్పట్నుంచో కోరిక. టోక్యోలో ఉయెనోకీ అసాకుసకీ మధ్య కప్పాబాషి అని వంటసామాన్ల వీధి ఉంది కదా, అక్కడే కొనేయమని అందరూ చెప్తున్నారు. కానీ ఫొటోలు చూస్తే ప్రతి కత్తి మీదా అలలు అలలుగా డమాస్కస్ డిజైన్, ప్రతి దాని మీదా జపనీస్‌లో ఎవరిదో పేరు, ధర చూస్తే పదివేల యెన్‌లకీ ఉంది, లక్షకీ ఉంది. ఏది కమ్మరి కొట్టిందో ఏది ఫ్యాక్టరీలో తయారైందో నాలాంటివాడు ఎలా కనిపెట్టాలి? ఒసాకా పక్కనే ఉన్న సకాయి దాకా వెళ్తే ఏమైనా తేడా ఉంటుందా? కూరగాయలకీ మాంసానికీ వాడతాను, బడ్జెట్ 30 వేల యెన్‌లు. విమానంలో తెచ్చుకోవడానికి టెన్షన్ ఏమైనా ఉందా అన్నది కూడా చెప్పండి.

ఉక్కుపిచ్చి

ముందు ఆ డమాస్కస్‌ని బుర్రలోంచి తీసేయండి. పొరలు అతికించి సిద్ధం చేసిన ఉక్కు పలకలను స్టీల్ కంపెనీలే అమ్ముతాయి, ఫ్యాక్టరీలూ అవే కొంటాయి, చాలామంది కమ్మరులూ అవే కొంటారు. కాబట్టి అలలు చూసి ఏదీ తేల్చలేం. కోసేది మధ్యలో ఉన్న గట్టి ఉక్కు, అలలన్నీ పైన తొడుగు మీదే. అలాగని నల్లగా మోటుగా ఉన్నదే అసలైందనీ అనుకోవద్దు. కొలిమి మసి తీయకుండా వదిలేసిన కత్తుల్ని కురోఉచి అంటారు, ఆ నలుపుని పైపూతగా వేసి అమ్మేవీ ఉన్నాయి.

కత్తి మీద పేరు సంగతి. సకాయిలో మామూలుగా ఒక కత్తిని మొదట్నుంచి చివరిదాకా ఒక్క మనిషే చేయడు. ఉక్కు కాల్చి కొట్టేది ఒకరు, సాన పట్టేది ఇంకొకరు, పిడి బిగించేది మరొకరు, అదీ వేరు వేరు చోట్ల. కత్తి మీద చెక్కేది చాలాసార్లు వాళ్లందరితో చేయించి అమ్మే వ్యాపారి పేరు. ఇందులో మోసమేమీ లేదు, ఆ ఊళ్లో పని జరిగే పద్ధతే అది. అందుకే షాపులో "ఇది హ్యాండ్‌మేడేనా" అని అడిగితే అవుననే అంటారు, మీకు ఒరిగేదేమీ ఉండదు. కొట్టింది ఎవరు, సాన పట్టింది ఎవరు, లోపలి ఉక్కు ఏది అని అడగండి. విషయం తెలిసిన షాపువాళ్లు వెంటనే చెప్తారు, లేదా కమ్మరి పేరు బయటపెట్టకూడదని మాట ఉంది అంటారు, అదీ నిజాయితీ అయిన జవాబే. ఉక్కు పేరు చెప్పకుండా సమురాయ్‌ల కథ మొదలుపెడితే మాత్రం బయటికొచ్చేయండి.

ఇంకోటి, చేత్తో చేసిందంటే యంత్రం తాకలేదని కాదు. కరెంటు సుత్తి, తిరిగే సానరాయి దాదాపు అందరి దగ్గరా ఉంటాయి. ఎంత కాల్చాలి, ఎక్కడ కొట్టాలి, ఎప్పుడు నీళ్లలోనో నూనెలోనో ముంచాలి అన్నది మనిషి కంటితో చూసి చేస్తాడా లేదా అన్నదే తేడా.

చేతిలోకి తీసుకున్నాక కత్తి వీపు వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. వీపు పిడి దగ్గర మందంగా మొదలై కొనకి వచ్చేసరికి పలచబడాలి. వీపు అంచులు వేలికి గుచ్చుకోకుండా నున్నగా చేశారా, పిడి అతుకు దగ్గర సందు ఉందా చూడండి. సాన పట్టినవాడి పనితనం అక్కడే బయటపడుతుంది.

అట్లకాడ

పైన చెప్పినదంతా ఒప్పుకుంటా, కానీ మీ అవసరానికి సకాయి అంటూ పట్టుబట్టక్కర్లేదు. ఆ ఊరి పేరు నిలబెట్టింది యానగిబా, దేబా లాంటి ఒకవైపే సాన పట్టే కత్తులు, చేపలు కోసే వృత్తి వంటవాళ్లవి. మీకు రెండువైపులా సాన ఉన్న సంతోకు (ఇంట్లో అన్నిటికీ వాడే పొట్టి కత్తి) గానీ గ్యూతో (పాశ్చాత్య చెఫ్ కత్తి లాంటిది, పొడవు ఎక్కువ) గానీ కావాలి. అవి సకాయిలోనూ దొరుకుతాయి, సకాయి డెన్షోకాన్‌లో కత్తుల మ్యూజియం చూసి అక్కడే కొనుక్కోవచ్చు కూడా. కానీ కమ్మరులు పనిచేస్తుండగా చూడాలని ఉంటే ఫుకుయి ప్రాంతంలోని ఎచిజెన్ వెళ్లండి. అక్కడ తకెఫు నైఫ్ విలేజ్ అని కమ్మరులు కలిసి నడుపుకునే వర్క్‌షాప్ ఉంది, పని చూసి పక్కనే షాపులో కొనుక్కోవచ్చు. 2024 మార్చిలో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎచిజెన్-తకెఫు దాకా వచ్చింది, క్యోటో నుంచి త్సురుగాలో మారి వెళ్లాలి.

ఉక్కు విషయంలో నిజాయితీగా ఆలోచించుకోండి. శిరోగామి, అఓగామి కార్బన్ ఉక్కులు, పదును అద్భుతం, కానీ పుల్లటివి కోసి తుడవకుండా పక్కన పెడితే చూస్తుండగానే రంగు మారి తుప్పు మొదలవుతుంది. ఇంట్లో నలుగురూ వాడే కత్తి అయితే వీజీ10 లాంటి స్టెయిన్‌లెస్ తీసుకోండి, లేదా లోపల కార్బన్, పైన స్టెయిన్‌లెస్ తొడుగు ఉన్నది. 30 వేల లోపు రెండు రకాల్లోనూ మంచివి దొరుకుతాయి. ఎడమచేతివాటమా మీది? ఒకవైపు సాన కత్తులైతే ఎడమచేతివి వేరుగా చేస్తారు, ధర ఎక్కువ.

సానరాయి

రూల్స్ సంగతి నేను చెప్తా. జపాన్‌లో సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన కత్తి వెంట పెట్టుకు తిరగడం నేరం. షాపులో ప్యాక్ చేసిన పెట్టె విప్పకుండా, బిల్లుతో సహా నేరుగా హోటల్‌కి తీసుకెళ్లండి, బ్యాగులో వేసుకుని ఊరంతా తిరగొద్దు. షింకన్‌సెన్‌లోనూ ప్యాకింగ్ విప్పి ఉన్న కత్తిని రానివ్వరు. విమానంలో చెక్-ఇన్ బ్యాగులోనే, క్యాబిన్‌లోకి కుదరదు.

పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. ట్యాక్స్-ఫ్రీ షాపుల్లో పన్ను కాకుండా 5,000 యెన్‌లు, ఆపైన కొంటే 10% పన్ను తప్పుతుంది. 2026 నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతుంది, ముందు పన్నుతో కలిపి కట్టి, దేశం వదిలేటప్పుడు కస్టమ్స్ చూశాక వెనక్కి తీసుకోవాలి. ఎలాగైనా కత్తి ఉన్న బ్యాగు కౌంటర్‌లో ఇచ్చేయకముందే కస్టమ్స్ పని చూసుకోండి, తర్వాత చూపించమంటే మీ దగ్గర ఉండదు.

చాలా షాపుల్లో మీ పేరు కూడా చెక్కిస్తారు. సరదాగానే ఉంటుంది గానీ పేరు పడ్డాక మార్చుకోవడం కుదరదు, కత్తిని తిప్పి తిప్పి చూసుకున్నాకే సరే అనండి. మిగిలిన డబ్బుతో 1000 గ్రిట్ (మధ్యరకం గరుకు) సానరాయి కొనుక్కోండి, గీసి లాగే షార్పెనర్లు ఈ కత్తుల అంచుని పాడుచేస్తాయి.

బాటసారి_77

అందరికీ చాలా థ్యాంక్స్. ఎచిజెన్‌కి ఈసారి టైమ్ సరిపోదు, సకాయికి ఒక పూట పెట్టుకుంటా. స్టెయిన్‌లెస్ తొడుగు ఉన్నదే చూస్తాను. కుడిచేతివాటమే. సంతోకు మంచిదా, 210 మిల్లీమీటర్ల గ్యూతోనా?

ఉక్కుపిచ్చి

మీ కటింగ్ బోర్డు చిన్నదైతే సంతోకు, పెద్దదైతే గ్యూతో. బోర్డు గాజుదైతే మాత్రం ముందు దాన్ని మార్చండి. ఎముకలు, ఫ్రిజ్‌లో గడ్డకట్టినవి దీంతో కొట్టొద్దు, అంచు పెచ్చులూడుతుంది. వాటికి పాత కత్తి ఉంచుకోండి.