గాలి, చెరువుల మీద సెన్సర్ల పని చేయాలంటే సీఎస్‌ఈ-ఐఓటీ సీటా, ఈసీఈ సీటా?

నిర్మల్_అన్న: మా చెల్లికి ఎప్‌సెట్ ర్యాంకుకి ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ-ఐఓటీ (సెన్సర్లు, పరికరాలను ఇంటర్నెట్‌కి కలిపే కంప్యూటర్ కోర్సు), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రెండూ వచ్చేలా ఉన్నాయి. తనకి ఊళ్లో గాలి, చెరువుల్లో నీళ్లు కొలిచే సెన్సర్ల పని కావాలట. ఏది ముందు పెట్టమంటారు? వెబ్ ఆప్షన్లకు టైం దగ్గరపడింది, ఇంట్లో ఒకటే టెన్షన్.

లైట్‌బ్రో: ఈసీఈ. తాళం వేసేయండి.

ఫర్మ్‌వేర్_బాబు: అలా తేల్చేస్తే ఎలా? ఐఓటీలో సెన్సరు నుంచి సర్వరు దాకా మొత్తం దారి ఒకేచోట చెబుతారు. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డు, లేజరుతో ధూళిని లెక్కపెట్టే సెన్సరు కొంటే కొన్ని వేలల్లో గాలి కొలవొచ్చు. తక్కువ కరెంటుతో దూరానికి డేటా పంపే లోరా రేడియోకి మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్సు కూడా అక్కర్లేదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు గచ్చిబౌలి చుట్టుపక్కల ఇలాంటివే పదుల సంఖ్యలో పెట్టి చదివారు. చెల్లి అడిగే పని ఇదే కదా.

చెరువుగట్టు: బాబూ, కొలవడం వేరు, అంకె రావడం వేరు. ఆ చవక సెన్సరు ధూళిని తూచదు. కణం మీద పడి చెదిరిన వెలుతురును బట్టి అంచనా కడుతుంది. గాలిలో తేమ పెరిగితే కణాలు ఉబ్బుతాయి, అంకె పైకి పోతుంది. ప్రభుత్వ స్టేషన్లలో టేపు మీద ధూళిని పట్టి, బీటా కిరణాలు ఎంత తగ్గాయో చూస్తారు. రెంటికీ పోలికేంటి? ఇది ఏ ఐఓటీ సిలబస్‌లో ఉందో చూపించు.

ఫర్మ్‌వేర్_బాబు: దానికి దిద్దుబాటు ఉందండీ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లు పర్పుల్‌ఎయిర్ అనే కంపెనీ చవక సెన్సర్ల కోసం సూత్రం ఇచ్చారు. సెన్సరు అంకెను 0.524తో గుణించి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి అందులోంచి తీసేసి, 5.75 కలపాలి. సెన్సరు ఘనమీటరుకు 100 మైక్రోగ్రాముల ధూళి చూపి, తేమ 80 శాతం ఉంటే అసలు విలువ 51 చిల్లర.

చెరువుగట్టు: చూశావా, సగానికి సగం తప్పు. మన దేశంలో సన్నటి ధూళికి (పీఎం 2.5) 24 గంటల పరిమితి అదే లెక్కలో 60. నీ డబ్బా పరిమితి దాటిందని గగ్గోలు పెడుతుంది, నిజానికి దాటనే లేదు. అంతా తేమ మహిమ.

ఫర్మ్‌వేర్_బాబు: తేమ మహిమ కాదండీ. అదే సూత్రంలో తేమ 30 వేయండి, 55 పైచిలుకు వస్తుంది. తేమ వల్ల తేడా నాలుగే. మిగతాదంతా 0.524 వల్ల.

చెరువుగట్టు: ఆ సూత్రం కట్టింది అమెరికా గాలికి. మన చెత్త మంటల పొగకీ సిమెంటు దుమ్ముకీ అదే సరిపోతుందని ఎవరు చెప్పారు?

ఫర్మ్‌వేర్_బాబు: నేను తేమ గురించి చెబుతున్నా. మీరు పొగలోకి వెళ్లకండి.

పత్తిచేను: మా పొలంలో ఒక కంపెనీ వాతావరణ పెట్టె పాతి వెళ్లింది. సిమ్ రీచార్జి అయిపోయాక అడిగే నాథుడు లేడు. ఇప్పుడు దాని మీద కాకులు వాలుతున్నాయి. ఏ బ్రాంచి చదివినవాళ్లు వస్తారో చెప్పండి, చేర్పిద్దాం.

లైట్‌బ్రో: 😂

నిర్మల్_అన్న: అన్నా, ఇంతకీ సీటు సంగతి?

చెరువుగట్టు: సీటు సంగతే చెబుతున్నా. నేను నగరంలో ఒక చెరువు ప్రాజెక్టులో కాంట్రాక్టు టెక్నీషియన్‌గా చేశాను. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే ప్రోబు మూతికి నాచు పడుతుంది. ఎండలో ఆ నాచే ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పీల్చేస్తుంది. ఏసీ గదిలో గ్రాఫు చూసే ఇంజనీరుకి చెరువు ఊపిరి తీసుకుంటున్నట్టు కనిపించింది. చేపలకి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి కదా, రాత్రి 2కి పడిందని ఒకటే హడావుడి. మోకాలి లోతు బురదలో దిగి, మెత్తటి బ్రష్షుతో తుడిచి పెడితే అంకె సర్దుకుంది. వాళ్లకి సర్టిఫికెట్లు, నాకు జీతం బకాయి. తుడవడం ఇంకొకడి పని అని నేర్పే చదువు మీది.

ఫర్మ్‌వేర్_బాబు: మీ జీతం ఎగ్గొట్టింది నేను కాదు, ఐఓటీ బ్రాంచీ కాదు. ఆ కోపం ఇక్కడ తీర్చుకోకండి.

చెరువుగట్టు: బురద నీ కాలికి అంటలేదు కాబట్టి అలాగే ఉంటుంది.

గోదారిగాలి: ఇద్దరూ కొంచెం తగ్గండి, మధ్యలో ఒక ఆడపిల్ల చదువు ఉంది.

ఫర్మ్‌వేర్_బాబు: సరే, నా సంగతి చెబుతా. మా అమ్మకి ఆయాసం. మా ఇంటి వెనక కాంక్రీటు కలిపే ప్లాంటు. సనత్‌నగర్‌లోనో జూపార్కులోనో గాలి కొలిచే ప్రభుత్వ స్టేషన్ ఉంటే మా వీధి సంగతి దానికి ఏం తెలుస్తుంది? డబ్బా పెట్టి, లెక్కలు పట్టుకుని అధికారులకి ఫిర్యాదు చేస్తే, ‘ఇది ప్రామాణిక పరికరం కాదు’ అని తిప్పి పంపారు. అచ్చం మీలాగే మాట్లాడారు. తప్పు అంకె అంటారు సరే, మా వీధికి అసలు అంకే లేదు కదా. మామూలువాడు కొలిస్తే మీకు ఎందుకంత మంట?

చెరువుగట్టు: మంట కాదయ్యా. ముందే ఈ మాట చెబితే ఇంత రాసేవాణ్నే కాదు. నీ కాగితం ఎందుకు తిప్పికొట్టారంటే, నీ డబ్బాని స్టేషన్ పక్కన కొన్ని వారాలు ఉంచి, రెండు అంకెలూ పోల్చిన రికార్డు నీ దగ్గర లేదు. అది ఉంటే వాళ్లకి కొట్టిపారేయడం అంత తేలిక కాదు. వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేయాలి. ఆ పని చేసేవాడికి జీతం ఇచ్చి, పేరు వేసే ప్రాజెక్టు నాకు ఇంతవరకు తగల్లేదు. నా గొడవ అంతా అదే.

ఫర్మ్‌వేర్_బాబు: స్టేషన్ పక్కన పెట్టనివ్వాలి కదా ముందు!

చెరువుగట్టు: అడగాలి. రాతపూర్వకంగా. నిర్మల్, చెల్లిని ఆ కాలేజీకి వెళ్లి ల్యాబు బీరువా తెరిపించమను. కిట్లు సీలు విప్పకుండా ఉంటే ఏ బ్రాంచి అయినా దండగే. బీరువా ఖాళీగా ఉండి, పిల్లలు కిట్లు బయట వాడుతుంటే ఐఓటీ అయినా పర్లేదు. ఏదీ తేలకపోతే ఈసీఈ పెట్టి, ఎన్విరాన్‌మెంటల్ సబ్జెక్టు ఎలెక్టివ్‌గా దొరుకుతుందేమో కనుక్కోమను.

నిర్మల్_అన్న: రేపే వెళ్తాం అన్నా. థాంక్స్.

ఫర్మ్‌వేర్_బాబు: తేమ వల్ల తేడా నాలుగే. అది మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.