పైన వెళ్లిన విమానం గాలి సుడిలో పడ్డాం, తెలిసినవాళ్లు కాస్త చెప్పగలరా?

నమస్కారం. పోయిన నెల అమ్మను తీసుకుని హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్తుంటే, అరేబియా సముద్రం మీద, మబ్బు తునక కూడా లేని ఆకాశంలో విమానం ఒక్కసారిగా పక్కకి ఒరిగి, రెండు మూడు కుదుపులతో సర్దుకుంది. పైన వెళ్లిన పెద్ద విమానం వదిలిన గాలి సుడి అని కెప్టెన్ చెప్పారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ తిరుగు ప్రయాణం అంటేనే అమ్మ వద్దంటోంది.

దీని గురించి చదివాక నా టెన్షన్ ఇంకా పెరిగింది. 2017 జనవరి 7న అదే సముద్రం మీద, ఎదురుగా వస్తున్న ఏ380 అనే చాలా పెద్ద ప్రయాణికుల విమానానికి 1,000 అడుగుల కింద నుంచి దాటిన చాలెంజర్ 604 అనే చిన్న జెట్ పల్టీలు కొట్టి, దాదాపు 9,000 అడుగులు కిందికి పడిపోయి, చివరికి మస్కట్‌లో దిగింది. లోపల ఉన్నవాళ్లు ఎంత నరకం చూశారో. రెక్కల కొనల దగ్గర పుట్టే సుడులు మెల్లగా కిందికి దిగుతాయని, గాలి నిలకడగా ఉంటే ఎక్కువసేపు ఉంటాయని మాత్రం అర్థమైంది.

పైలట్లు, ఏటీసీలో (విమానాల రాకపోకల్ని నియంత్రించే విభాగంలో) పనిచేసేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ఇలాంటి సుడులు తగలకుండా సముద్రాల మీద దారికి కుడివైపు 2 నాటికల్ మైళ్ల (సుమారు 3.7 కి.మీ.) వరకు జరిగి వెళ్లొచ్చంటారు కదా, ఈ దారిలో నిజంగా అలా చేస్తారా? మేమెక్కిన ఏ320 లాంటి విమానానికి ఆ చిన్న జెట్‌కి జరిగినట్టు జరిగే అవకాశం ఉందా? అమ్మకి ఊరికే ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు, ఉన్నదున్నట్టు చెప్పి ఒప్పించాలి.