రెండు వాకీటాకీ హ్యాండ్‌సెట్లతో రిపీటర్: పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే బటన్) వదలడం లేదు

అందరికీ నమస్కారం. నాకు హామ్ (అభిరుచి రేడియో) లైసెన్స్ ఉంది. పాడేరు కొండల్లో మలుపు తిరిగితే చాలు, మాట అందదు. అందుకే ఒక బ్యాండ్‌లో విన్న మాటను ఇంకో బ్యాండ్‌లో తిరిగి పంపే క్రాస్‌బ్యాండ్ రిపీటర్ కడుతున్నాను (అనుమతి సంగతి విడిగా చూసుకుంటున్నా). ఒక సెట్ 434.5 మెగాహెర్ట్జ్‌లో వింటుంది, రెండోది 145లో పంపుతుంది. వాక్స్ (గొంతు వినగానే దానంతటదే పంపడం మొదలుపెట్టేది) పెడితే మొదటి మాట తెగిపోతోంది, కాబట్టి స్క్వెల్చ్ (సిగ్నల్ వచ్చినప్పుడే శబ్దాన్ని తెరిచే భాగం) సిగ్నల్‌ని ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి ఇచ్చి, ఆప్టోకప్లర్‌తో (కాంతి ద్వారా పనిచేసే స్విచ్) పీటీటీ నొక్కిస్తున్నాను.

1 వాట్‌లో ఏ గొడవా లేదు. 5 వాట్లకు పెంచగానే, అవతలివాళ్లు మాట ఆపినా పీటీటీ వదలదు. 145కి మూడింతలు 435 కదా, ఆ హార్మోనిక్కే (అసలు ఫ్రీక్వెన్సీతో పాటు వెలువడే దాని గుణిజం) స్క్వెల్చ్‌ని తెరిచి ఉంచుతోందా? లేక ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) వైర్లలోకి దూరి నానో బిగుసుకుపోతోందా? ఈ రెంటిలో ఏదో తేల్చుకునేదెలా? ముందు లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) పెట్టాలా, ఫెర్రైట్ రింగులా (వైర్లలోకి ఆర్‌ఎఫ్ దూరకుండా ఆపేవి)? టైమ్‌అవుట్ (కొంతసేపటికి పీటీటీని దానంతటదే వదిలించేది) నానో కోడ్‌లోనే ఉంది, నానోనే ఆగిపోతే అదేం చేస్తుంది! విడిగా 555 టైమర్ చిప్ పెట్టినవాళ్లుంటే సర్క్యూట్ చెప్పండి.