మరియెల్ ఫ్రాంకోని ఎందుకు చంపారు? ఆ నీలం బోర్డు ఏంటి?

రాత్రి_చదువు:
బ్రెజిల్ ఊరేగింపుల ఫొటోల్లో జనం చేతుల్లో తరచూ ఒక నీలం వీధి బోర్డు కనిపిస్తోంది, దాని మీద మరియెల్ ఫ్రాంకో పేరు. రియోలో హత్యకు గురైన సిటీ కౌన్సిలర్ అని మాత్రం తెలుసు. పదవిలోకొచ్చి ఏడాదిన్నర కూడా కాని మనిషిని చంపేంత అవసరం ఎవరికొచ్చింది? నేరస్తుల్ని వెనకేసుకొచ్చేదని కూడా ఎక్కడో చదివాను, నిజమా?

పాత_పేపర్లు:
అది పచ్చి అబద్ధం, చంపిన రోజుల్లోనే వాట్సాప్‌లో పుట్టించారు. కౌన్సిలర్ కాకముందు రాష్ట్ర శాసనసభ మానవ హక్కుల కమిషన్‌లో ఏళ్ల తరబడి పనిచేసింది. పోలీసు కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులూ, హత్యకు గురైన పోలీసుల కుటుంబాలూ ఇద్దరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. ఈ రెండో సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు!

పుట్టింది 1979లో, రియోలోని మరే అనే ఫవేలాలో, అంటే పేదల బస్తీలో. పంతొమ్మిదేళ్లకే తల్లి. 2016లో 46 వేలకు పైగా ఓట్లతో గెలిచింది. 2018 మార్చి 14 రాత్రి నల్లజాతి యువతుల మీటింగ్ ముగించుకుని ఇంటికెళ్తుంటే కారు మీద 13 రౌండ్లు కాల్చారు. డ్రైవర్ అండర్సన్ గోమెస్ కూడా పోయాడు, అతని పేరు చాలామంది మర్చిపోతారు.

కాల్చినవాడూ, కారు నడిపినవాడూ ఇద్దరూ మాజీ పోలీసులే. 2024 అక్టోబర్‌లో ఒకరికి 78 ఏళ్లు, ఇంకొకరికి 59 ఏళ్లు పైన జైలు పడింది. చేయించారని అరెస్టయింది ఇద్దరు రాజకీయ నాయకులు, అన్నదమ్ములు. మిలీషియాల (పోలీసులు, మాజీ పోలీసులు నడిపే సాయుధ ముఠాల) గుప్పిట్లో ఉన్న భూముల దందాకి ఆమె పార్టీ అడ్డొస్తోందన్నది దర్యాప్తు చెప్పిన కారణం. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, హత్యకు ముందురోజే రియో సివిల్ పోలీస్ చీఫ్‌గా చేరి, తర్వాత కుటుంబాన్ని ఓదార్చిన అధికారినీ అదే కేసులో పట్టుకెళ్లారు. ముగ్గురూ మాకేం సంబంధం లేదన్నారు.

అలల_ఒడ్డు:
అందరూ హత్య గురించే మాట్లాడతారు కానీ ఆవిడ పెట్టిన బిల్లులు చూడండి. రాత్రిపూట పనికో చదువుకో వెళ్లే తల్లిదండ్రుల పిల్లల కోసం నైట్ క్రెష్‌లు పెట్టాలని ఒక బిల్లు, దానికి గుడ్లగూబ పేరు పెట్టారు. చిన్న వయసులో బిడ్డనెత్తుకుని చదువుకున్న మనిషికే తట్టే ఆలోచన. ఆవిడ పోయాక కౌన్సిల్ దాన్ని పాస్ చేసింది. సహచరి మోనికా బెనీసియో 2020లో అదే కౌన్సిల్‌కి గెలిచారు, చెల్లెలు అనియెల్ 2023లో కేంద్ర మంత్రి అయ్యారు.

బోర్డు సంగతికొస్తే, అభిమానులు పెట్టిన ఒక బోర్డుని 2018 ఎన్నికలప్పుడు ఇద్దరు అభ్యర్థులు విరగ్గొట్టి, ముక్కలు చూపించి ఫొటో దిగారు. ఇద్దరూ గెలిచారు కూడా, ఏం చెప్తాం. ఒక్కటి విరిగితే జనం చందాలేసుకుని వెయ్యి చేయించి పంచారు.

రాత్రి_చదువు:
థాంక్స్ అండీ. ఇప్పుడే ఫొటో జూమ్ చేసి అనువాదం పెట్టి చూశా. పేరు కింద చిన్న అక్షరాల్లో కౌన్సిలర్, మానవ హక్కుల రక్షకురాలు అని, ఆ తర్వాత పిరికిపందల్లా చంపారని తేదీతో సహా రాసుంది.