మన్యం ఊరితో అడవి ఒప్పందం: నిర్వహణ ఎవరిది?

ఎంవీపీ_మాధవి, శనివారం ఉదయం 9:10
విశాఖలో మాది చిన్న వాలంటీర్ల బృందం. అనంతగిరి మండలంలో ఒక కొండ ఊరితో కలిసి ఐదేళ్లు అడవి పని చేయబోతున్నాం. ఎండాకాలం అగ్గి రాకుండా చూడటం, గెడ్డ (కొండవాగు) పొడవునా చెట్లు పెంచడం. సమన్వయం నాకు అప్పగించారు. డబ్బిచ్చేవాళ్లు పంపిన ఒప్పందంలో 'నిర్వహణ' అన్నచోట మా పేరు, 'సహకారం' అన్నచోట ఊరి పేరు ఉన్నాయి. నాకది మింగుడు పడటం లేదు. మీరైతే ఏం చేస్తారు?

తూర్పుకనుమ, 9:42
అమ్మా, ముప్పై ఏళ్లు అటవీ శాఖలో చేసి రిటైరయ్యాను. నిర్వహణ మీ దగ్గరే ఉంచుకోండి. ఊరి చేతిలో పెడితే మొదట పోయేది సిల్వర్ ఓక్. కాఫీ తోటల్లో నీడకు పెట్టిన చెట్లు నరికి టింబర్ వాళ్లకు అమ్మేస్తున్నారు. నా కళ్లతో చూశాను.

పెందుర్తి_రాజు, 9:50
సార్ చెప్పింది నిజం.

గెడ్డఒడ్డు, 11:15
మాది అనంతగిరి వైపే, గాజువాకలో వెల్డింగ్ పని చేస్తాను. సార్, సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. మా తాతలకు దాని పేరే తెలియదు. కాఫీతో పాటు తెచ్చి పెట్టమన్నది ఆఫీసుల వాళ్లు. సొంత తోటలో పెంచిన చెట్టును కూతురి పెళ్లికి అమ్ముకుంటే అడవి నరికినట్టా? పనస, మామిడి, చింత, ఇప్ప చెట్లను ఎవరు నిలబెట్టారో కూడా చూడండి. పాడేరు దగ్గర మత్స్యగుండంలో చేపను ఎవరూ పట్టరు. అక్కడ ఏ శాఖా కాపలా పెట్టక్కర్లేదు.

తూర్పుకనుమ, 11:31
మత్స్యగుండం దేవుడి భయం. నేను అడిగింది సిల్వర్ ఓక్ గురించి. నరుకుతున్నారా లేదా?

గెడ్డఒడ్డు, 11:38
తోటలో నరుకుతున్నారు. అడవిలో కాదు.

లాకాలేజీ_కుర్రాడు, 12:20
చెట్టు పేరు దగ్గరే ఆగిపోతున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం, తరతరాలుగా కాపాడుకొస్తున్న సామూహిక అడవిని రక్షించే, నిర్వహించే హక్కు ఊరిదే. గ్రామసభ తన కమిటీని తానే వేసుకోవచ్చు. కాబట్టి మాధవి గారూ, మీ కాగితంలో 'నిర్వహణ' అని మీ పేరు రాసుకోవడం చట్టానికే ఎదురు వెళ్లడం. మహారాష్ట్రలో మెండా లేఖ ఊరికి 2009లో ఆ హక్కు వచ్చింది. 2011 నుంచి వెదురు కూడా వాళ్లే అమ్ముకుంటున్నారు.

తూర్పుకనుమ, 12:58
పుస్తకంలో ఉన్నది వేరు, కొండ మీద జరిగేది వేరు బాబూ. ఒక ఏప్రిల్‌లో రాత్రి పదకొండింటికి అగ్గి లేచింది. మేం నలుగురం పచ్చికొమ్మలతో బాది ఆర్పాం. నా కుడిచేతి మీద మచ్చ ఇంకా ఉంది. కింద ఊరికి కబురు పెట్టాం. ఒక్కడు రాలేదు. తెల్లారాక వచ్చి చూసి వెళ్లారు. అలాంటి వాళ్లకు నిర్వహణ అప్పగించమంటారా? ఆ రాత్రి గుర్తొస్తే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

సాగరతీరం, 1:05
దండాలు సార్ మీకు.

గెడ్డఒడ్డు, 2:40
మీ చేయి కాలినందుకు బాధగా ఉంది సార్, మనసులో మాటే చెప్తున్నాను. వాళ్లు ఎందుకు రాలేదో కూడా వినండి. నా చిన్నప్పుడు మా నాన్న పోడులో రాగులు, సామలు, కందులు వేసేవాడు. అటవీ శాఖ పెట్టించిన వన సంరక్షణ సమితి వచ్చింది. మినిట్స్ పుస్తకంలో ఖాళీ పేజీ మీద వేలిముద్రలు తీసుకున్నారు. తర్వాత ఒకరోజు నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మొక్కలు దిగాయి. గుంతలు తవ్వడానికి కూలికి పిలిస్తే మా అమ్మ వెళ్లింది. తీరా చూస్తే అది మా పోడు చెక్కే. సాయంత్రానికి కూలి డబ్బులు కొంగున కట్టుకుని వచ్చి, అన్నం వండకుండా అలాగే కూర్చుంది. ఆ అడవి మాది కాదని చెప్పింది మీరే. కాలితే మాది ఎలా అవుతుంది?

తూర్పుకనుమ, 2:52
మీ పోడు చెక్క తీసుకున్నది నేను కాదు. వ్యక్తిగతం చేయకు.

గెడ్డఒడ్డు, 2:55
మీ చేయి వ్యక్తిగతం కాదా?

పెందుర్తి_రాజు, 3:01
పోడు వల్లే కొండలు గుండైపోయాయి. ఏడుపు కథలు ఎందుకు?

వేదిక నిర్వాహకులు, 3:10
రాజు గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. ఇంకోసారి అయితే ఖాతా ఆపేస్తాం.

ఎంవీపీ_మాధవి, 4:30
రాజు గారి మాటకు నేను క్షమాపణ అడుగుతున్నాను అన్నా. సార్, మీరు చెప్పిన ఆ రాత్రి గురించి రెండుసార్లు చదివాను. కానీ మనం దేని మీద వాదించుకుంటున్నామో నాకిప్పుడే తెలుస్తోంది. పేరు ఎక్కడుందన్నది కాదు. గ్రామసభ కూర్చుని 'మీరు వద్దు' అంటే మేం వెనక్కి వచ్చేస్తామా? మా కాగితంలో ఆ మాటే లేదు.

తూర్పుకనుమ, 5:05
ఆ ప్రశ్నే అడగాలి. నా జవాబు: రాకూడదు. గోస్తని ఆ కొండల్లోనే పుడుతుంది. తాటిపూడి జలాశయం నిండేది దాంతోనే, ఆ నీళ్లు మన విశాఖ కుళాయిల్లోకి వస్తాయి. కొండ బోడి అయితే మట్టి జలాశయంలో దిగుతుంది. ఇన్ని లక్షల మంది తాగే నీటి మీద వంద గడపల ఊరు 'వద్దు' అనడానికి లేదు. నాకు గిరిజనుల మీద కోపం లేదమ్మా. అడవి అందరిదీ అంటున్నాను.

గెడ్డఒడ్డు, 6:20
ఇప్పుడు అసలు మాట బయటపడింది. అడవి అందరిదీ అయితే 2015లో చింతపల్లి వైపు జెర్రెల కొండల బాక్సైట్ గనుల కోసం 1,212 హెక్టార్లు ఇస్తూ 97 నంబరు జీవో వచ్చినప్పుడు కొండ కోసం రోడ్డెక్కింది ముందు ఎవరు? ఆ ఊళ్లవాళ్లే. 'వద్దు' అనబట్టే కొండ మిగిలింది. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వుతామన్నప్పుడు కూడా 2013లో 12 గ్రామసభలు అదే చెప్పాయి. మా 'వద్దు' బాక్సైట్‌కు పనికొచ్చినప్పుడు మెచ్చుకుని, మీ దాకా వచ్చేసరికి లెక్కలోకి రాదంటే ఎలా? నీళ్లు తాగేవాళ్లుగా మా దగ్గరకు రండి, మాట్లాడుకుందాం. యజమానులుగా రావద్దు.

తూర్పుకనుమ, 6:48
బాక్సైట్ విషయం ఒప్పుకుంటాను. నీళ్ల విషయం ఒప్పుకోను. ఊరు వద్దన్నాక అగ్గి లేస్తే ఎవరు ఆర్పుతారో ఆ కాగితంలో రాయించండి.

ఎంవీపీ_మాధవి, 7:30
రాయిస్తాను సార్, కానీ ఏం రాయాలో ఊరే చెప్పాలి. నిర్వహణ గ్రామసభది, మేం సహకారం, ఎప్పుడైనా మమ్మల్ని పంపించేసే హక్కు వాళ్లది. ఈ మూడు మాటలతో కాగితం తెలుగులో తిరగరాసి డబ్బిచ్చేవాళ్లకు పంపుతున్నాను. కాదంటే ఆ డబ్బు వద్దు. అన్నా, సభ ఎప్పుడు పెట్టమని అడగాలి?

లాకాలేజీ_కుర్రాడు, 7:41
అటవీ హక్కుల గ్రామసభకు కోరం సగం మంది. వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. చూసుకోండి.

గెడ్డఒడ్డు, 9:15
సంత రోజు పెట్టకండి, ఊళ్లో ఎవరూ ఉండరు. ఇటుకల పండుగ (మా వేట పండుగ) అప్పుడు కూడా వద్దు. చీకటి పడ్డాక, అన్నాలు తిన్నాక కూర్చుంటారు. మీ వ్యాన్ కింద రోడ్డు మీదే ఆపేసి నడిచి రండి. కాగితం ముందే పంపండి, మా అమ్మకు నేను చదివి వినిపించాలి.