వేమన పద్యంలో వేరుపురుగా, మానుపురుగా?

మామిడితోట: తోటలో పాత బంగినపల్లి కొమ్మ ఎండిపోయింది. బెరడు చెక్కితే సొరంగం నిండా పొట్టు, లోపల వేలంత లావు పురుగు. అప్పట్నుంచీ “మానుపురుగు చేరి వృక్షంబు చెరచును” బుర్రలో తిరుగుతోంది. మొదటిమాట మానా, వేరా?

ఆటవెలది: మొదటిమాట ‘వేరు’. నాలుగో గణం ‘వృ’తో మొదలైంది, పాదం మొదటి అక్షరం దానితో పొసగాలి, అదే యతి. ‘వే’కి యతి చెల్లుతుంది, ‘మా’కి చెల్లదు. రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి కూడా దాన్ని కాపాడలేదు.

మామిడితోట: యతి ఒప్పుకుంటాను. కానీ మా పురుగు వేరు జోలికే పోలేదండీ. దాని తల్లి ఒంటిని మించిన మీసాల పెంకుపురుగు, మెడ మీద రెండు ఎర్రమచ్చలు. రాత్రిపూట తిరుగుతుంది, బెరడుకి గాటుపెట్టి గుడ్డు పెడుతుంది. పనసనూ అత్తినీ కూడా వదలదు.

పలాసజీడి: వేరు తొలిచేది కావాలంటే జీడిమామిడి చూడండి. చెట్టు మొదలు దగ్గర బంక, పొట్టు కారతాయి, ఆకులు పసుపెక్కుతాయి. పిల్లపురుగులు బెరడు కింద చుట్టూ తినేసి వేళ్లలోకి దిగితే నిలువెత్తు చెట్టు పోతుంది. వేమన చెప్పింది దీన్నే.

పాతప్రతి: జీడిమామిడి 16వ శతాబ్దంలో పోర్చుగీసులు బ్రెజిల్ నుంచి తెచ్చింది. వేమన కాలానికే సామెతలా వాడేంతగా రాయలసీమలో పాకిందా? నేలలో ఉండి వేళ్లు కొరికే తెల్లపురుగునీ వేరుపురుగే అంటారు, వేరుశనగ రైతుని అడగండి.

పలాసజీడి: వేరుశనగ మాత్రం ఇక్కడిదా? అదీ దక్షిణ అమెరికాదే. పైగా పద్యంలో ఉన్నది వృక్షం!

ఆటవెలది: అసలు పట్టించుకోవలసింది ‘చేరి’. తొలిచి అనలేదు, కొరికి అనలేదు, మూడు పాదాల్లోనూ చేరి. రాత్రి వచ్చి చేరేది తల్లి, చెరిచేది లోపలి పిల్ల. “కుత్సితుండు చేరి గుణవంతు చెరచురా” అన్నప్పుడూ అంతే, చేరిన రోజున ఏమీ కనపడదు.

పాతప్రతి: అందంగా ఉంది గానీ ‘చేరి’కి సావాసం చేసి అనే అర్థం చాలు. మరి రెండో పాదంలో “చీడపురుగు చేరి చెట్టు చెరచు” ఎందుకు? వృక్షం, చెట్టు ఒకటే అయితే వేమన పాదం వృథా చేసే మనిషి కాదు. ఒకటి కనపడని చేటు, రెండోది ఆకుమీద కనపడే చేటు.

ఆటవెలది: కాదండీ, సంస్కృతం పక్కన తెలుగుమాట పెట్టి ఒకే సంగతి రెండుసార్లు కొట్టడం అది. దెబ్బ మూడో పాదంలో పడాలి కదా.

మామిడితోట: అలాగైతే ఘుణాక్షర న్యాయంలో, చెక్క తొలుస్తూ అనుకోకుండా అక్షరం గీసే ఆ ఘుణం ఏ పురుగంటారు?