150 గజాల ఇంట్లో రెండు బాత్రూములు: లెట్రిన్, స్నానాలగది కలిపి కట్టాలా, విడిగానా?

గట్టుమీద_ఇల్లు:
తణుకు దగ్గర 150 గజాల్లో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు మొదలుపెట్టాం. పునాదులు అయ్యాయి, గోడలు లేవబోతున్నాయి. పెద్ద బెడ్‌రూమ్‌కి 4×8 అడుగుల అటాచ్డ్ బాత్రూమ్, హాలు పక్కన 5×8 కామన్ బాత్రూమ్ వస్తున్నాయి. ఇంట్లో ఆరుగురం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నగారేమో ఇండియన్ సీటు లేకపోతే కుదరదంటారు. కామన్‌లో లెట్రిన్, స్నానాలగది వేరువేరుగా కట్టమని మామయ్య, ఉన్న జాగాని ముక్కలు చెయ్యొద్దని మేస్త్రి. లోపల ఏది ఎక్కడ పెట్టాలని అడిగితే 'టైల్స్ వేసేటప్పుడు చూద్దాం లెండి' అంటున్నాడు. అప్పుడు చూస్తే సరిపోతుందా?

సైట్_చెప్పులు:
సరిపోదండీ, నేల కింద పైపులు వేసే రోజుకే అన్నీ తేలిపోవాలి. కమోడ్ పైపు నేలలోకి దిగితే ఎస్ ట్రాప్, వెనక గోడలోంచి వెళ్తే పీ ట్రాప్. ఎస్ ట్రాప్‌లో గోడ నుంచి పైపు మధ్యకి 9 అంగుళాలు, 12 అంగుళాలు అని రకాలుంటాయి, ఆ కొలత టైల్ అతికించాక ఉండాల్సింది, ఇటుక గోడ నుంచి కాదు. కమోడ్ మోడల్ ముందే ఎంచుకుని ఆ కొలత ప్లంబర్ చేతిలో పెట్టండి.

4×8 గదికి తలుపు పొట్టి గోడకి రానివ్వండి. అడుగుపెట్టగానే వాష్ బేసిన్, తర్వాత కమోడ్, చివర కిటికీ కింద స్నానం, మూడూ వరసగా ఒకే పక్క. నీళ్ళు చివరే ఉంటాయి, తలుపు దగ్గర నేల పొడిగా ఉంటుంది. స్నానం చేసే చోటు కాస్త పల్లంగా పెట్టి మధ్యలో చిన్న గ్రానైట్ పట్టీ వేస్తే చాలు, గాజు పార్టిషన్ ఖర్చు అక్కర్లేదు. వాలు 4 అడుగులకి అర అంగుళం ఉండాలి, నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్ళు పోయే జాలీ, మూలకి రావాలి.

ఇంకోటి, కుదిరితే 4×8ని 5×7 చెయ్యండి. పెరిగేది 3 చదరపు అడుగులే కానీ తేడా చాలా ఉంటుంది, ఎందుకంటే కమోడ్ గోడ నుంచి రెండడుగుల పైనే ముందుకొస్తుంది, 4 అడుగుల వెడల్పులో దాని ముందు మిగిలేది మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందే. ప్లాస్టరు, టైల్స్ రెండువైపులా తినేది కూడా లెక్కేసుకోండి.

పప్పుపోపు:
మామయ్యగారి మాటే నాది కూడా. ఆరుగురున్న ఇంట్లో పొద్దున్న 7 గంటలకి ఒకరు తలంటుకుంటుంటే ఇంకొకరు కడుపు పట్టుకుని బయట నిలబడాలి, కలిపి కడితే వచ్చే అసలు బాధ ఇదే. 5×8ని అడ్డంగా కోస్తే 5×3 లెట్రిన్, 5×4½ స్నానాలగది వస్తాయి, మధ్యలో సగం ఇటుక మందం గోడ. వాష్ బేసిన్ మాత్రం రెండింటికీ బయట, భోజనాల బల్ల వైపు పెట్టండి, చెయ్యి కడుక్కోవడానికి లోపలికి ఎందుకు వెళ్ళడం. లెట్రిన్ తలుపు బయటికే తెరుచుకోవాలి. రెండు గదులకీ వేరే వెంటిలేటర్లు ఉండాలి, లేకపోతే కంపు హాల్లోకే.

సైట్_చెప్పులు:
కొలతలు సరిపోతాయి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం విడి లెట్రిన్‌కి కనీసం 1.1 చదరపు మీటర్లు, స్నానాలగదికి 1.8, రెండూ కలిపి కడితే 2.8. మీవి ఇంతకన్నా ఎక్కువే. కాకపోతే లెట్రిన్ వెడల్పు 90 సెంటీమీటర్లకి తగ్గకూడదు, కాబట్టి ఆ 3 అడుగులు టైల్స్ అయ్యాక మిగిలేలా గోడ కట్టించండి.

రిటైర్డ్_తాతయ్య:
బాబూ, మోకాళ్ళ నొప్పులున్న మనిషి పడుకునే గదికి వెస్ట్రన్ ఉండాలి, ఇందులో వాదన లేదు. కమోడ్ పక్క గోడకి పట్టుకునే స్టీలు కడ్డీ పెట్టించు, ఇప్పటికి అక్కర్లేదనిపించినా సరే. అటాచ్డ్ తలుపు కూడా బయటికే తెరిపించు, పెద్దవాళ్ళు లోపల పడిపోతే తలుపుకి అడ్డంగా పడతారు, లోపలికి తోసే తలుపైతే తియ్యలేం. టైల్స్ గరుకువి వెయ్యి. నాన్నగారికి కామన్ లెట్రిన్‌లో ఇండియన్ సీటు పెట్టు, అక్కడా ఒక కడ్డీ. రెండూ కలిసొచ్చే ఆంగ్లో ఇండియన్ జోలికి మాత్రం పోకు, దానిమీద కాళ్ళు పెట్టి కూర్చోవడం ఈ వయసులో సర్కస్.

గట్టుమీద_ఇల్లు:
అందరికీ థాంక్సండీ, సగం టెన్షన్ తీరింది. అమ్మానాన్నలకే అటాచ్డ్ గది ఇచ్చేస్తాం, అది 5×7 చేయిస్తున్నా. కామన్ విడగొట్టేస్తాం, బేసిన్ బయటికే. ఒక్క డౌటు, పైన ఇంకో అంతస్తు వేద్దామనుకుంటున్నాం, దానికి ఇప్పుడే ఏమన్నా చూసుకోవాలా?

సైట్_చెప్పులు:
పై బాత్రూములు సరిగ్గా కింది వాటి మీదే రావాలి, వంటింటి మీద, పూజగది మీద వద్దు. పైపులు నిలువుగా దిగడానికి బయటి గోడ వెంట చోటు వదలండి. శ్లాబ్ పోసేటప్పుడు బాత్రూమ్ వచ్చే భాగం ఒక అడుగు కిందికి దించమనండి, పైపులన్నీ అందులో పడుకుంటాయి. వాటర్‌ప్రూఫింగ్ చేశాక రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి కింద చెమ్మ లేదని మీ కళ్ళతో చూసుకున్నాకే టైల్స్‌కి ఒప్పుకోండి. మేస్త్రి తొందరపెడతాడు, పట్టించుకోవద్దు.